మెట్ల లైటు ‘స్ఫర్ఫల్లా’ అట! ఈ ఇటాలియన్ క్రియ అర్థం, పుట్టుక ఎవరికైనా తెలుసా?

పాదొవా_పప్పుచారు

అందరికీ నమస్కారం. నేను ఇటలీలోని పాదొవాలో ఎమ్మెస్సీ మొదటి ఏడాది చదువుతున్నాను. పాత బిల్డింగ్‌లో మూడో అంతస్తు, నలుగురం కుర్రాళ్లం. బిల్డింగ్‌లో అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. చెత్త ఏ రోజు ఏ డబ్బాలో వేయాలి, ఎవరి సైకిల్ ఎవరి దారికి అడ్డం, అన్ని పంచాయితీలూ అందులోనే. మొన్న కింది అంతస్తు సిన్యోరా ఒక మెసేజ్ పెట్టారు: “లా లూచె దెల్లె స్కాలె స్ఫర్ఫల్లా ది నువోవో.”

మెట్ల లైటు మళ్లీ ఏదో చేస్తోందని తెలుస్తూనే ఉంది. కానీ ఆ ‘స్ఫర్ఫల్లా’ దగ్గర ఆగిపోయాను. ఫోన్‌లో అనువాదం కొడితే లైటు రెక్కలు కొట్టుకుంటోందని వచ్చింది! ‘ఫర్ఫల్లా’ అంటే సీతాకోకచిలుక అని తెలుసు, ఆ ఆకారంలో ఉండే పాస్తా వారానికి రెండుసార్లు తింటున్నాం. ముందు ‘స్’ చేరితే అర్థం తిరగబడుతుందని క్లాసులో చెప్పారు. ఫోర్తూనా అంటే అదృష్టం, స్ఫోర్తూనా అంటే దురదృష్టం. ఆ లెక్కన ఇది ‘సీతాకోకచిలుక కాకపోవడం’ అవ్వాలి. దీనికీ లైటుకీ సంబంధం ఏంటి?

ఇంకో సందేహం. మాకు క్లాసులో లైటు ఆగి ఆగి వెలిగితే ‘లంపెజ్జారె’ అనాలని నేర్పారు. రెండూ ఒకటేనా, తేడా ఉందా? రేపో మాపో ఎలక్ట్రీషియన్‌కు నేనే మెసేజ్ రాయాల్సి వచ్చేలా ఉంది. మా నలుగురిలో ఇటాలియన్ కాస్త వచ్చింది నాకే మరి.

ట్యూబ్‌లైట్_మాస్టారు

బాబూ, మన ఇళ్లల్లో “ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది, స్టార్టర్ మార్చండి” అంటాం కదా, అదే ఇది. భాష సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. కరెంటు సంగతి కావాలంటే అడుగు, ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను. ఒక్కటి గమనించి చెప్పు. లైటు వెలిగి ఉన్నప్పుడు కొట్టుకుంటోందా, ఆపేశాక కూడానా?

గోదారి_గట్టు

తెలుగుని ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నారు కదా, రెండిట్లోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయి. ‘ఫర్ఫల్లా’, మన ‘ఫెళఫెళ’, ‘రెపరెప’ ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయేమో?

హిందూపురం_నుంచి_కోమో

గోదారి గట్టు గారూ, అచ్చులతో ముగిసినంత మాత్రాన చుట్టాలైపోరండీ. అలా అయితే జపాను వాళ్లనీ పెళ్లికి పిలవాలి.

తమ్ముడూ, నీ పాస్తాకూ ఈ క్రియకూ మాత్రం చుట్టరికం ఉంది. ఫర్ఫల్లా ఇద్దరికీ అమ్మమ్మ. ఆ అమ్మమ్మ ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిపై భాషావేత్తలకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. రెక్కల కదలికను అనుకరించే ధ్వని నుంచి పుట్టిందని కొందరంటారు. లాటిన్‌లో సీతాకోకచిలుక ‘పపీలియో’. ఫ్రెంచి వాళ్ల ‘పపియోఁ’ దాన్నుంచే వచ్చింది. ఇటాలియన్‌లో మాత్రం ఈ ఫర్ఫల్లా నిలబడింది. 1300ల మొదట్లోనే ఇటాలియన్ కవి డాంటే రాశాడు: మనం పురుగులం, దేవదూత లాంటి సీతాకోకచిలుకగా మారడానికే పుట్టినవాళ్లం అని. ఆయన కావ్యం ‘దివీనా కొమ్మేదియా’లో పుర్గతోరియో అనే భాగం పదో సర్గలో ఉంటుంది. పురుగు, సీతాకోకచిలుక. ఈ జంటను గుర్తుపెట్టుకో, నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ముందు ఆ ‘స్’ సంగతి. అది లాటిన్ ‘ఎక్స్’ అరిగిపోగా మిగిలిన ముక్క. ‘కాదు’ అన్న అర్థం దానికి ఉన్న పనుల్లో ఒకటి మాత్రమే. ‘బయటికి’ అన్నది పాత పని. మీ వీధి చివర బేకరీ ఉంటే చూడు. ఫోర్నో అంటే ఓవెన్, స్ఫోర్నారె అంటే ఓవెన్‌లోంచి రొట్టె బయటికి తీయడం. స్ఫర్ఫల్లారె అంటే కూడా అలాగే, గూడు చీల్చుకుని సీతాకోకచిలుకగా బయటికి రావడం. నిఘంటువుల్లో కనిపించే పాత అర్థం ఇదే. లైటు సంగతి ఆ తర్వాత వస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఇది మా ఇంటి సంగతి కాబట్టి. నేను పుట్టింది హిందూపురం పక్కన పల్లెలో. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, చంద్రికల (వెదురు తడకల) మీద గూళ్లు కట్టే పురుగులు, ఇవి చూస్తూనే పెరిగాను. గూడు కట్టిన వారానికల్లా గూళ్లు విడదీసి మార్కెట్‌కు తోలేయాలి. వాన వల్లో, బండి దొరక్కో ఆలస్యమైతే మా నాన్నకు అన్నం సహించేది కాదు. ఎందుకంటే రెండు వారాలు గడిస్తే లోపలి ప్యూపా చిలుకగా, అంటే రెక్కల పురుగుగా మారుతుంది. నోటి నుంచి ఒక ద్రవం వదిలి గూడు కొసను తడిపి, మెత్తబరిచి, తోసుకుంటూ బయటికి వస్తుంది. గూడు మొత్తం దాదాపు కిలోమీటరు పొడవున్న ఒకే పోగు. చిల్లు పడిందంటే ఆ పోగు ముక్కలు ముక్కలవుతుంది, రీలింగ్‌కు, అంటే పోగు లాగి చుట్టడానికి పనికిరాదు. చిల్లు పడ్డ గూళ్లను దూదిలా ఏకి వడకాల్సిందే. (హైదరాబాద్ కుసుమ రాజయ్య గారు ‘అహింసా పట్టు’ పేరుతో ఇదే పనిని కావాలని చేయించారు. చిలుక ఎగిరిపోయాకే గూడు తీసుకుంటారు. దాని బట్ట మెరుపు వేరు, ధర వేరు.)

ఇటలీ రైతుకూ ఇదే గండం. ఇప్పుడు కోమోలో నేను పనిచేసేది పట్టుబట్టల మీద ప్రింటు డిజైన్లు గీసే చోట. మా దగ్గరికొచ్చే ముడి పట్టు చైనాది. కానీ రెండో ప్రపంచ యుద్ధం దాటేదాకా ఉత్తర ఇటలీలోని లంబార్దియా, వేనెతో పల్లెల్లో పట్టుపురుగు లేని ఇల్లు అరుదు. మీ పాదొవా పక్క ఊళ్లలో ముసలివాళ్లను అడిగి చూడు, పట్టుపురుగును ‘కవలియేరి’ అంటారు, అంటే రౌతులు! మిలాన్ వైపు ‘బిగాత్’. మా ఇంటి ఓనరమ్మది మిలాన్‌కు ఉత్తరాన ఉన్న బ్రియాంత్సా, ఎనభై దాటాయి. వాళ్ల అమ్మ గుడ్లను చిన్న గుడ్డసంచిలో పోసి ఒంటి వేడి తగిలేలా రొమ్ముల దగ్గర పెట్టుకుని పొదిగేదట. మా అవ్వకు ఈ సంగతి ఫోన్‌లో చెబితే నవ్వాపుకోలేకపోయింది. మాకు గుడ్లు పొదిగించి పెంచే చాకీ కేంద్రాల నుంచి పిల్లపురుగులే వస్తాయి కదా.

అయితే పోగు తీయడానికి అన్ని గూళ్లనూ ఉడికించేస్తే వచ్చే ఏడాదికి గుడ్లు ఎక్కడివి? కొన్నింటిని చిలుకలు వచ్చేదాకా వదలాలి. దాన్నే ‘స్ఫర్ఫల్లమెంతో’ అంటారు. 1850లలో పెబ్రీన్ అనే జబ్బు యూరప్‌లో పట్టుపురుగులను ఊడ్చిపెట్టింది. జబ్బు లేని గుడ్లు ఇక్కడ దొరక్క 1860లలో ఇటలీ వ్యాపారులు జపాను దాకా ఓడలెక్కి వెళ్లి, అట్టల మీద పెట్టించిన గుడ్లు కొని తెచ్చారు. అప్పుడే ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ ఒక పద్ధతి కనిపెట్టాడు. ఒక్కో తల్లి చిలుకను విడివిడిగా గుడ్లు పెట్టనిచ్చి, తర్వాత దాన్ని నూరి మైక్రోస్కోప్ కింద చూడాలి. జబ్బు కనిపిస్తే దాని గుడ్లు పారేయాలి. ఈ పని నేర్పడానికి, పరిశోధనకు 1871లో ప్రయోగ కేంద్రం పెట్టింది ఎక్కడనుకున్నావు? నువ్వున్న పాదొవాలోనే. ఆ రోజుల్లో మీ ఊళ్లో స్ఫర్ఫల్లారె అన్న మాటకు చదువుకున్నవాళ్ల నోట్లో మొదటి అర్థం లైటు కాదు, గుడ్ల లెక్క.

ఇక లైటు దగ్గరికి. నిఘంటువుల్లో రెండో మెట్టు: సీతాకోకచిలుకలా అటూ ఇటూ ఎగరడం. మూడో మెట్టు: వెలుతురు, సినిమా తెర, టీవీ బొమ్మ వణకడం. చాలామంది తోటలో ఎగిరే రంగుల సీతాకోకచిలుక నుంచి ఈ అర్థం వచ్చిందనుకుంటారు. నాకు మాత్రం మా షెడ్డు చిలుకలే గుర్తొస్తాయి. వేల ఏళ్లు మనుషుల మధ్య పెరిగి పట్టు చిలుకకు ఎగరడం పోయింది. గూట్లోంచి వచ్చాక, అందులోనూ మగది, ఉన్నచోటే ఉండి రెక్కలు టపటపా వణికిస్తుంది. ఎక్కడికీ పోదు, ఆగదు. పాడైన బల్బు చేసేదీ అదే కదా. ఇది నిఘంటువు మాట కాదు, నా మాట.

లంపెజ్జారెకూ దీనికీ తేడా ఉంది. లంపో అంటే మెరుపు. కారు ఇండికేటర్ లంపెజ్జా అవుతుంది. వెలుగుతుంది, ఆరుతుంది, మధ్యలో ఎడం తెలుస్తుంది. స్ఫర్ఫల్లా అయ్యే లైటు పూర్తిగా ఆరదు, ఒక లయ కూడా ఉండదు, కంటికి చిరాకు. కొవ్వొత్తికి, నక్షత్రానికి, నీళ్ల మీద వెలుగుకు ‘త్రెమొలారె’ అంటారు, అది అందమైన వణుకు. మళ్లీ డాంటేనే, పుర్గతోరియో మొదటి సర్గలో తెల్లవారుతుంటే దూరం నుంచి సముద్రం ‘త్రెమొలార్’ కనిపించిందంటాడు. అక్కడ స్ఫర్ఫల్లా అని ఉంటే సముద్రానికి చోక్ పాడైందనుకునేవాళ్లం. స్ఫర్ఫల్లా అనేది ఫిర్యాదు మాట. మీ సిన్యోరా సరిగ్గా వాడింది.

మనకు ‘రెపరెప’ ఉంది, జెండాకూ రెక్కకూ దీపానికీ కూడా. కానీ బల్బు పాడైందని రెపరెపలాడుతోంది అని ఎవరూ అనరు, మాస్టారు చెప్పినట్టు ‘కొట్టుకుంటోంది’ అంటాం.

బొలోనియా_గేర్‌బాక్స్

అక్కా, పట్టు కథ బాగుంది. ఇప్పుడు గ్రీజు కథ వినండి. నేను బొలోనియా దగ్గర ఇంజిన్ భాగాలు తయారుచేసే చోట పనిచేస్తాను. ఇక్కడ రోజూ వినే మాట ‘స్ఫర్ఫల్లమెంతో దెల్లె వల్వోలె’, అంటే వాల్వులు స్ఫర్ఫల్లా అవ్వడం. మామూలు ఇంజిన్‌లో క్యామ్ (ఇరుసు మీద తిరిగే ఉబ్బు ముక్క) వాల్వును, అంటే గాలి, పొగ దారికి ఉండే మూతను తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఆర్‌పీఎం బాగా పెరిగితే స్ప్రింగు అంత వేగంగా వెనక్కి లాగలేదు. వాల్వు క్యామ్‌ను వదిలేసి గాల్లో ఊగుతుంది, పూర్తిగా మూసుకోదు. పవర్ పడిపోతుంది, అదృష్టం బాగాలేకపోతే పిస్టన్ వచ్చి వాల్వును గుద్దుతుంది.

ఈ ఊళ్లోనే డుకాటీ మోటార్‌సైకిల్ కంపెనీలో ఫాబియో తల్యోని అనే ఇంజినీరు దీనికి మందు కనిపెట్టి రేసులో నిలబెట్టాడు. స్ప్రింగు మీద నమ్మకం పెట్టుకోకుండా వాల్వును తెరవడానికీ మూయడానికీ కూడా క్యామే. డెస్మోడ్రోమిక్ అంటారు. ఆ ఆలోచన అంతకుముందే ఉంది, కానీ ఆయన డెస్మో 125 సీసీ బండి 1956లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో మొదటిసారి దిగి గెలిచేసింది. డుకాటీ వాళ్లు ఈ రోజుకీ డెస్మో పేరు చెప్పుకుంటారు.

స్కూటర్ హ్యాండిల్ స్పీడ్‌లో వణికినా ఇదే క్రియ. ఇంకో తమాషా, కార్లలో మనం ‘థ్రాటిల్ బాడీ’ అనేదాన్ని వీళ్లు ‘కోర్పో ఫర్ఫల్లాతో’ అంటారు. లోపల పళ్లెంలాంటి మూత మధ్య ఇరుసు మీద తిరుగుతుంది కదా, ఆ రెండు సగాలు రెండు రెక్కలన్నమాట. మొదటి వారం మా సూపర్‌వైజర్ “ఫర్ఫల్లా శుభ్రం చెయ్” అంటే చుట్టూ చూశాను, పురుగేమైనా దూరిందేమో అని.

అక్కా, ఒక్కటి అడగాలి. ఇక్కడ ఒకతను మీటింగులో తప్పు లెక్క చెబితే “స్ఫర్ఫల్లోనె” అన్నారు. అదీ ఈ కుటుంబమేనా?

హిందూపురం_నుంచి_కోమో

ఆ కుటుంబమే. స్ఫర్ఫల్లోనె అంటే పెద్ద పొరపాటు, నోటికొచ్చింది చెప్పి దొరికిపోయే రకం. ‘స్’ తీసేసి ‘ఫర్ఫల్లోనె’ అంటే ఒక పువ్వు మీద నుంచి ఇంకో పువ్వు మీదికి గెంతే మగవాడు. రెండూ కలిపి పిలిపించుకోకు నాయనా.

పాదొవా_పప్పుచారు

అక్కా, గేర్‌బాక్స్ అన్నా, చాలా థాంక్స్. 1871 కేంద్రం సంగతి మా ప్రొఫెసర్‌కు కూడా చెబుతాను. మాస్టారూ, మీరు అడిగింది రాత్రి చూశాను. మెట్ల మీద లైటు వెలిగి ఉన్నప్పుడు వణుకుతోంది. వింత ఏంటంటే, టైమర్ అయిపోయి ఆరిపోయాక కూడా కొన్ని సెకన్లకోసారి చిన్నగా తళుక్కుమంటోంది! మా రూమ్మేట్ దెయ్యం అంటున్నాడు. బల్బులు కొత్తవే, ఎల్‌ఈడీ. బటన్లలో చిన్న ఎర్ర లైటు ఉంటుంది, చీకట్లో కనపడడానికి.

ట్యూబ్‌లైట్_మాస్టారు

దెయ్యం దొరికింది. ఆ చిన్న ఎర్ర లైటే. అది నియాన్ దీపం. మెయిన్ లైటు ఆపేసి ఉన్నా దాని గుండా చాలా కొద్ది కరెంటు పారుతూనే ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బు దాన్ని పట్టించుకునేది కాదు. ఎల్‌ఈడీ బల్బులో చిన్న కెపాసిటర్ (కరెంటును కాస్త దాచుకునే భాగం) ఉంటుంది, ఆ కొద్ది కరెంటు దాన్ని మెల్లగా నింపుతుంది. నిండగానే ఒక్కసారి తళుక్కుమని ఖాళీ అవుతుంది. మళ్లీ నిండుతుంది. అందుకే అంత క్రమంగా, కొన్ని సెకన్లకోసారి. దీనికి మందు చవక, లైటుకు సమాంతరంగా ఒక చిన్న భాగం కలిపితే ఆ కరెంటు బల్బులోకి పోకుండా పక్కకు వెళ్తుంది.

వెలిగి ఉన్నప్పటి వణుకు వేరే రోగం. యూరప్‌లో, మన దగ్గర కూడా, కరెంటు 50 హెర్ట్జ్. మంచి డ్రైవర్ (బల్బుకు కరెంటును సర్ది ఇచ్చే సర్క్యూట్) లేని బల్బు సెకనుకు 100 సార్లు ఎక్కువతక్కువ అవుతుంది, అది మామూలుగా కంటికి తెలియదు, ఫోన్ కెమెరాలో గీతలుగా కనిపించవచ్చు. మనిషి కన్ను ఎక్కువగా పసిగట్టేది సెకనుకు 8, 9 సార్ల వణుకును. ఫ్లికర్, అంటే ఈ వణుకును కొలిచే అంతర్జాతీయ ప్రమాణాన్ని దీని ఆధారంగానే రాశారు. 230 వోల్టుల లైన్లో ఆ వేగంతో అర వోల్టు పైచిలుకు ఊగినా చాలు, 60 వాట్ల పాత బల్బు కింద చదువుకునేవాడికి తెలిసిపోతుంది. లిఫ్టు మోటారు, వెల్డింగ్ మెషీన్ ఉన్న లైన్లో ఇది మామూలే. మీ దగ్గర మెట్ల లైటు ఒక్కటే వణుకుతోందా, ఇంట్లో లైట్లు కూడానా? ఒక్కటే అయితే బల్బు డ్రైవరో, వదులైన కనెక్షనో. వదులు కనెక్షన్ అయితే ఆలస్యం చేయకూడదు, అక్కడ వేడెక్కుతుంది.

అమ్మాయి చెప్పిన తేడా ఇక్కడ పనికొస్తుంది. రెండు జబ్బులకూ రెండు క్రియలు వాడితే వచ్చేవాడికి సగం పని అయిపోయినట్టే.

పాదొవా_పప్పుచారు

ఇంట్లో లైట్లు బాగానే ఉన్నాయి మాస్టారూ, మెట్లవే. అక్కా, మెసేజ్ ఒక్క లైన్లో రాసిపెట్టండి ప్లీజ్.

హిందూపురం_నుంచి_కోమో

“లా లూచె దెల్లె స్కాలె స్ఫర్ఫల్లా క్వాందో ఎ అచ్చేజా, ఎ లంపెజ్జా క్వాందో ఎ స్పెంతా.” వెలిగి ఉన్నప్పుడు వణుకుతోంది, ఆరి ఉన్నప్పుడు మెరుస్తోంది. రెండో ‘ఫ’ దగ్గర నొక్కి పలుకు, ‘ల్ల’ను గట్టిగా పట్టు. గ్రూపులో కాకుండా బిల్డింగ్ నిర్వహణ చూసే ‘అమ్మినిస్త్రతోరె’కు నేరుగా పంపు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సింది ఆయనే. బటన్లలో నియాన్ దీపాలు ఉన్నాయని కూడా ఒక ముక్క చేర్చు, ‘స్పీయా’ అంటే వాళ్లకు అర్థమవుతుంది.